ఏడో ప్రశ్న

విచారమా, దిగులా, బెంగా, నలతా?
ఏ మాట పెట్టాలో తేలక
నంబూరు పాసింజర్లో మూడు రోజులు తిరిగాను.
ఇంగ్లీషులో ఒకటే మాట, ఒంటరిగా బుద్ధిగా కూచుంటుంది.
తెలుగులోకి పిలిస్తే
తోబుట్టువులందరినీ వెంటేసుకొస్తుంది.

శైలబాల మేడమ్ 'విచారం' పక్కన టిక్కు పెట్టారు.
పుస్తకంలో మాటే మేలట, కొలత చెడదట.
ముప్పై ఆరేళ్ళకి అప్లైడ్ సైకాలజీలో చేరినదాన్ని,
పగలంతా కోల్డ్ స్టోరేజీలో
కాటా చీటీలు రాసేదాన్ని,
కొలతల గురించి నాకు చెప్పాలా?
చెప్పారు. విన్నాను.

ఇరవై ఒక్క ప్రశ్నలు. ఒక్కోదానికీ నాలుగు గళ్ళు:
అసలు లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ఎప్పుడూ.

ఏప్రిల్ నెల, మిర్చి యార్డు వెనక రేకుల షెడ్డు.
ఎర్రటి గుట్టల మధ్య
తొడిమలు తీస్తూ నలభై మంది ఆడవాళ్ళు,
ముక్కూ నోరూ మూసి బిగించిన కొంగులు.
ముఖకవళికల పాఠం మొన్ననే అయింది.
ఆ బొమ్మల్లో అందరికీ మూతులున్నాయి.

పదిహేడో నంబరు, దీవెనమ్మ.
పేరు రాయకూడదని నియమం.
ఫారంలో రాయలేదు.

"గత రెండు వారాల్లో..." అన్నాను.
"సీజన్లో వారాలెక్కడియ్యమ్మా,
ఎన్ని టిక్కీల నుంచో అడుగు."
"విచారంగా ఉంటోందా?"
"విచారణా? నేనేం జేశా? మేస్త్రీ ఏమన్నా చెప్పాడా?"
పక్కన ఖాసింబీ పకపకా నవ్వింది.
ఆ నవ్వు దగ్గయింది.
దగ్గు వరసంతా పాకి
షెడ్డు రేకుల్ని కాసేపు వణికించింది.

నిద్ర గురించి అడిగితే
అరచేతులు చూపించింది.
రాత్రుళ్ళు ఆముదం పూసుకుని
చల్లనీళ్ళ గిన్నెలో పెట్టుకు కూచుంటుందట.
"చేతులు పడుకుంటే నేనూ పడుకుంటా."
ఏ గడిలో వేయను?

ఏడో ప్రశ్న.
"కారణం లేకుండా ఏడుపొస్తోందా?"

దీవెనమ్మ చెయ్యి ఆగింది.
గంట నుంచీ అదే మొదటిసారి.
"కారణమెందుకమ్మాయ్, కారముండగా!"

మళ్ళీ తొడిమ ఒక పక్కకి, కాయ ఒక పక్కకి.
నేను తర్వాతి ప్రశ్నకి వెళ్ళబోతుంటే
కాయల వైపే చూస్తూ మెల్లగా అంది:
"ఇంటికాడ ఏడిస్తే ఏమైందంటారు.
ఇక్కడేడిస్తే కాయ ఘాటుదంటారు.
అందుకే ఆదివారం గూడా,
ప్రార్థన కాగానే వచ్చేస్తా."

అప్పుడప్పుడా, తరచుగానా అని
నా నోటితో నేనే అడిగాను, సిగ్గులేకుండా.
"యాడ ఖాళీ ఉంటే ఆడ ఏసుకో."

పెన్ను పట్టిన చేత్తోనే కన్ను తుడుచుకున్నాను.
ఎంత బుద్ధితక్కువ పని!
"అయ్యో, చేత్తో కాదు, కొంగుతో.
పై అంచు కాదే, లోపలిది."
గుడ్డ మడిచి ఎలా అద్దాలో చూపించింది.
కారం, అన్నాను.
ఔను కారమే, అంది.
అంతకు మించి ఒక్క మాట అడగలేదు.
ఆ పద్ధతికి పేరేమిటో
మూడో సెమిస్టరు దాకా ఎవరూ చెప్పలేదు.

రాత్రి బ్రాడీపేటలో, గంటకింతని అద్దెకిచ్చే కంప్యూటరు ముందు
జవాబులన్నీ అంకెలు చేశాను.
జవాబు దొరకని చోట తొంభై తొమ్మిది కొట్టాలి.
యంత్రం దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది.

పదిహేడో వరస, ఏడో గడి.
కొట్టాను. చెరిపాను.
మూడు కొట్టాను. అదీ చెరిపాను.
షాపు కుర్రాడు షట్టరు సగం దించి
గడియారం వంక చూశాడు.

తొంభై తొమ్మిదే ఉంచి లేచాను.

సబ్బుతో రెండుసార్లు కడిగినా
వేళ్ళు ఇంకా మండుతున్నాయి.
రేపు పొద్దున ఆ మీటల ముందు
ఎవరు కూచుంటారో గానీ
ఎందుకో తెలియకుండానే
కళ్ళు తుడుచుకుంటారు.