మూడో నకలు

చిత్తూరు కోర్టు రికార్డు రూములో
చెదలకి సెలవుల్లేవు.
నూరేళ్లు దాటిన కట్టలన్నీ ఈ వేసవిలో
తూకానికి వెయ్యమని ఆర్డరొచ్చింది.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాసన
కిటికీ దూరి వచ్చి ఫైళ్ల మీద కూర్చుంటుంది.
తుమ్ముతా, ముడి విప్పుతా, నెంబరు కొట్టేస్తా.

అట్లాంటి ఒక ముడి కింద దొరికినాడు
జోనస్ పార్కిన్ దొర.
దొర అంటే ఆయనే నవ్వుతాడేమో.
జీతం ముప్పై రూపాయలు, అప్పు మూడొందలు,
నీవా ఒడ్డున అద్దె కొట్టం,
ఉన్న ఒక్క గుర్రానికీ ఒక కాలు కుంటు.
లండనుకి పద్యాలు మూడు ఓడల్లో పంపినాడు,
జవాబు ఏ ఓడలోనూ రాలా.

పగలు జడ్జిగారి తీర్పులు రాసేవాడు,
రాత్రి జడ్జిగారిని రాసేవాడు.
రెండేసి పాదాలు, చివర ఒకటే మోత,
రెండు తలుపులూ ఒక్కసారి మూసినట్టు.
దొరవారి విగ్గులో పేలు కూడా
పై కోర్టుకి అప్పీలు చేసుకున్నాయంటాడు.
ఉప్పు పన్ను సంగతికొస్తే,
కన్నీళ్లు కూరలో పడినా
లైసెన్సు చూపించాలంటాడు.

పరువు నష్టం దావా పడింది.
సాక్ష్యం కింద పద్యమంతా
మూడు నకళ్లు తియ్యమన్నాడు జడ్జి.
తనని తిట్టిన తిట్టుకి
తనే కూలి ఇచ్చినాడు, పుటకి అణా లెక్కన.
పద్యం బతికింది అట్లా.
పార్కిన్ బతకలా. తీర్పుకి ముందే
కలరాలో పోయినాడని మార్జిన్లో ఎర్రసిరా.

నకలు తీసింది గుమాస్తా చెంగల్రాయుడు.
చేవ్రాలు చివర తేలుకొండి లాంటి మెలిక.
పార్కిన్ అతన్నీ వదల్లేదు. నలభయ్యో పాదంలో
మా చెంగల్రాయుడు గానుగెద్దు అన్నాడు,
పొద్దంతా తిరుగుతాడు,
రసం తీపో చేదో ఎరగడు అన్నాడు.

అంతదాకా నవ్వుతా ఉన్నదాన్ని, ఆపేసినా.
ముప్పై ఏళ్లుగా నేను తిరిగేదీ ఈ గానుగ చుట్టే.
మేడమీదోడికని విసిరిన రాయి
మెట్ల కిందోడి నెత్తిన పడితే
దాన్ని కూడా ఎగతాళే అంటారా అప్పా?

మొదటి నకల్లో ఆ పాదం ఉంది.
రెండో దాంట్లోనూ ఉంది, పొల్లు పోకుండా.
మూడో దాంట్లో
అదే చేతిరాత, అదే తేలుకొండి,
గానుగ ఉంది, ఎద్దు ఉంది, చెంగల్రాయుడు లేడు.
ఆ చోట పార్కిన్ ఉన్నాడు.
మోత ఎక్కడా చెడలా.
వేళ్ల మీద రెండు మాట్లు లెక్కపెట్టి చూసినా.

అడుగున ధ్రువీకరణ:
అసలుతో సరిపోల్చడమైనది, తేడా లేదు.

సాయంత్రం లారీకెక్కింది నూటపన్నెండు కట్టలు.
లిస్టులో నూటపదమూడని రాసినా,
నా చేతిసంచి కొంచెం బరువుగా ఉంది.
కింద సంతకం పెట్టి, తేదీ వేసి,
ఎప్పట్లాగే రాసినా:
సరిపోల్చడమైనది. తేడా లేదు.