మూడో గేరు దూరం

పాత పేపర్ల చుట్టిన ఇనుప ముక్క
మొయిన్ నా చేతుల పెట్టిండు.
జానెడు గూడ లేదు.
"ఇది ఎక్కిస్తే గేరు రాడ్డు సగమే కదుల్తది భాయ్.
టక్ అంటే టక్."

దేవరకొండ రోడ్డు మీద ఆయన షెడ్డు.
పైన రేకులు, కింద ఆయిలు తాగి నల్లబడ్డ మన్ను.
నా ఎస్టీమ్ బానెట్ తెరుచుకొని
పండ్ల డాక్టరు ముందట కూసున్నట్టున్నది.

పండ్లంటే, మా మర్రిగూడ దిక్కు మనిషి నవ్వితే
ఏ బోరు నీళ్ళు తాగిండో చెప్పొచ్చు.
నాకు పండ్ల కాడ ఆగలె.
ఎడమ మోచెయ్యి దాక వచ్చింది ఆ నీళ్ళు.
పాత గొడుగు లెక్క
సగం దాకనే తెరుచుకుంటది చెయ్యి.

ఒకటో గేరు అన్నిటికన్న దూరం, నిజమే.
కాని అది ఆగిన బండిల ఏస్త,
తీరికగ వొంగుత, ఎవ్వరు చూడరు.
మూడు గట్ల కాదు.
బండి ఉరుకుతుంటది,
చెయ్యి అందదు,
చెయ్యి ఎనక భుజం, భుజం ఎనక మెడ,
ఒళ్ళంత కలిసి పోతేనే పడ్తది.
"మూడో గేరు ఏసినప్పుడల్లా
ముందటి బండోనికి దండం పెడ్తవేంది"
అని అండాలు నవ్వుతది.

కుట్టు మిషన్ల సూదులు, బాబిన్లు, బెల్టులు
డిక్కీల ఏసుకొని చండూరు, మునుగోడు, నాంపల్లి తిరుగుత.
చండూరు దాకనే ఇరవై మూడు స్పీడ్ బ్రేకర్లు.
ఇరవై మూడు దండాలు.
వచ్చేటప్పుడు మల్ల ఇరవై మూడు.

మొయిన్ మేనల్లుడు జెన్‌కు ఇదే పెట్టుకున్నడు.
"నడిపి చూడు" అని తాళాలిచ్చిండు.
పానగల్ దాక పోయిన.
మణికట్టు చాలు!
మోచెయ్యి ఒళ్ళె కూసున్న పిల్లి లెక్క కదలలె.
ఒక్కన్నే కార్ల నవ్వుకున్న,
ఉత్తగనే మూడు ఏసిన, తీసిన, మల్ల ఏసిన.

వాపసు వస్తుంటే తెలిసింది.
దూరం తగ్గింది గని బరువు పెరిగింది.
గేరు పోను పోనంటది, నూకాలె.
నొప్పి పోలె, తావు మార్చుకున్నది,
మోచెయ్యి ఖాళీ చేసి మణికట్టుల కిరాయికి దిగింది.
నాకు ఎరుకే ఈ లెక్క.
కుట్టు దగ్గర దగ్గర పడ్డకొద్ది
బట్ట బిర్రుగైతదని
మిషను కొన్న ప్రతి ఆడమనిషికి నేనే చెప్త.

"లేబరుతోని కలిపి ఆరున్నర వేలు" అన్నడు మొయిన్.
బండినే అమ్మితే నలభై రావు.
కాని ఆగింది పైసల కాడ కాదు.

మా నాయిన నడుము వొంగినంక
ఆయన అంగి తగిలిచ్చే మొలను
మూరెడు కిందికి దించి కొట్టిన.
మంచి పని చేసిన అనుకున్న.
నాయిన గోడ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు,
ఏమనలె.
మూడు నెల్లు అంగి మంచం మీదనే పారేసిండు.
పాత మొల పీకిన బొక్కల
సున్నం గూడ పెట్టనియ్యలె.

ఇయ్యాల మొయిన్ చేతుల సుత్తె ఉన్నది.
ఆయనది గూడ మంచి మనసే.

"రాడ్డు కింద బుష్షులు అరిగినయి,
అందుకే గంటె తిప్పినట్టు తిరుగుతున్నది" అన్నడు.
"అయితే ముందుగాల బుష్షులు ఎయ్యి."
"మరి ఇది?"
పేపరు మల్ల చుట్టి ఇచ్చిన.
"బుధారం దాక పక్కకు పెట్టు. ఎవ్వరికియ్యకు."
ఇయ్యాల శనివారం.
బుధారం నాటికి నా చెయ్యి సాగదని
ఆయనకెరుక, నాకెరుక.

పొద్దూకింది.
గడియారం కాడ జనం, రెండుల ఈడ్సుకుంట వచ్చిన.
దాటినంక రోడ్డు కొద్దిగ ఖాళీ అయ్యింది.
క్లచ్ తొక్కి వొంగిన,
భుజం, మెడ, ఒళ్ళంత.
పడ్డది మూడు.

ముందట పొయ్యే ఆటోల
ఎనకకు తిరిగి కూసున్న పోరడు
నన్నే చూస్తున్నడు.
చేతిల బటాణీల పొట్లం ఒళ్ళె పెట్టుకొని
రెండు చేతులు జోడిచ్చి
తిరిగి దండం పెట్టిండు.