తప్పు ముడి

మే నెల. పన్నెండున్నర.
శాంథోమ్ రోడ్డు తారు చెప్పుల్ని వదలడం లేదు.
"నీడకి పోదాం పదవే" అన్నాడు కోటిలింగం చిన్నాన్న.
తెల్లటి శిఖరం ఎండలోకి దబ్బనంలా దిగి ఉంది.
గుమ్మం ముందు చెప్పులు విడిచాడు,
ఎవరూ విడవడం లేదని చూసి మళ్ళీ తొడుక్కున్నాడు.

లోపల ముందు తగిలేది ఎత్తు.
తర్వాతే చల్లదనం.
రంగుటద్దాల్లోంచి జారిన వెలుగు
నీలంగా ఒక ముసలమ్మ కుచ్చెళ్ళ మీద,
ఎర్రగా ఎవరో మరిచిపోయిన నీళ్ళ సీసా మీద.
చిన్నాన్న తలెత్తి
ఈ కొస నుంచి ఆ కొసకి వెతికాడు.
దేవుణ్ణి వెతికే చూపు కాదది.

"ఓడేదీ?" అన్నాడు.

కాశిమేడులో ఆయన ఉలి ఎరగని పడవ లేదు.
తర్వాత సరుకు ఓడెక్కాడు, వడ్రంగిగా.
డెన్మార్కులో ఒక రేవు.
పేరు ఒకసారి ఆర్హూస్ అంటాడు, ఒకసారి ఓరూస్,
చలికి నాలుక సరిగ్గా పట్టుకోలేదంటాడు.
చుక్కాని చెడి పదకొండు రోజులు కట్టేశారు.
మధ్యాహ్నానికే పొద్దు గుంకే జనవరిలో
ఎర్రిటుకల పెద్ద చర్చిలోకి దూరాడు.
"భక్తి కాదే. వణుకు."

"కమాన్లు చూడాలి నువ్వు,
రెండు చేతుల వేళ్ళ కొసలు మాత్రమే తాకినట్టు
పైకి, ఇంకా పైకి.
వందల ఏళ్ళవట. తాపీవాడి పేరు ఎక్కడా రాయలేదు.
నడిమధ్యన, గాల్లో, ఓడ!
మూడు కొయ్యలు, తెరచాపలు, చిటికెన వేలంత ఫిరంగులు.
దాని కడుపు కింద నిలబడి చూడాలి మనం,
చేపలు చూసినట్టు."

ఇంతవరకూ ఇంట్లో అందరికీ తెలుసు.
ఆ తర్వాతిది నాకు ఆ రోజే చెప్పాడు:
"వెనక కొయ్య దగ్గర ఒక తాడు. ముడి తప్పు.
పెద్ద గాలొస్తే జారిపోతుంది."

లోపల గాలెక్కడిది చిన్నాన్నా, అన్నాను.
సముద్రం చూడని మనిషిని చూసినట్టు చూశాడు.

కాపలా ముసలాయనకి సైగలతో చెప్పాడట,
పైకి చూపించి, చేతులు మెలితిప్పి, తల అడ్డంగా ఊపి.
మొక్కు చెప్పుకుంటున్నాడనుకుని
ఆయన ఒక కొవ్వొత్తి చేతిలో పెట్టాడు.

ఇరవై ఆరేళ్ళు.
మా ఇంట్లో బట్టల తాడు, పిల్లల ఉయ్యాల,
తుఫాను రాత్రి కప్పు మీద టార్పాలిన్,
ఆయన కట్టింది జారిందని ఎవరూ అనలేదు.
ఆయన కట్టని ఆ ఒక్క ముడే
అర్ధరాత్రి లేపి కూచోబెడుతుంది.

ఇక్కడ ఓడ లేదు.
పొడుగాటి కడ్డీలకు పంకాలున్నాయి.
"చక్రాలు పెట్టారు, ఓడని మరిచారు" అని గొణిగి
పక్క పీఠం వైపు నడిచాడు.
సున్నం పని కోసం అడ్డంగా నైలాను తాడు,
స్తంభానికి ఎవరో చిరాగ్గా చుట్టి వదిలేశారు.

వేళ్ళు ఆగలేదు.
విప్పాడు. కట్టాడు.

"తొడాదీంగ!" అంటూ పరిగెత్తుకొచ్చాడు
చీపురు చంకలో పెట్టుకుని సవరిముత్తు.
ముడి పట్టి లాగాడు. రాలేదు.
కాలు స్తంభానికి ఆనించి లాగాడు. రాలేదు.
చిన్నాన్న ఒక్క వేలితో
పొట్టి కొసని తట్టాడు.
నిద్రలోకి జారిన పసివాడి పిడికిలిలా
విడిపోయింది.

సవరిముత్తు చీపురు కింద పెట్టాడు.
"ఇన్నొరు తడవ" అన్నాడు మెల్లగా.
ఈసారి నెమ్మదిగా కట్టాడు, ప్రతి మెలికా ఆపి.
ముగ్గురం తాడు మీదకి వంగి ఉన్నాం,
పీఠానికి వీపు పెట్టామని చాలాసేపు తోచలేదు.

బయట, చర్చి వెనక నుంచి ఉప్పు గాలి.
గోలీ సోడా తాగుతూ
అరచెయ్యి ప్యాంటుకి రుద్దుకుంటున్నాడు.
తీరిందా, అన్నాను.

"ఇది ఇక్కడిది కదే.
అక్కడ ఇప్పుడు పొద్దున. తలుపులు తీస్తుంటారు.
ఎవరూ గట్టిగా తుమ్మకపోతే చాలు."