పండ్లు

మా దిక్కు పండ్లంటే రెండు.
చెట్టుకు కాసేవి, నోట్లో మొలిచేవి.
మాట ఒక్కటే. ఆ ఒక్క మాట మీదనే
నేను జారిపడ్డ.

మునుగోడు దాటినంక, పరుపుబండల నడుమ
రేకుల కప్పుతో మా చర్చి.
ముప్పై ఏండ్ల సంఘపెద్దను నేను,
కానుకల డబ్బా తాళంచెవి
మొలతాడుకు కట్టుకొని తిరిగెటోన్ని.

ఇంటర్ పాసైన సలోమి వచ్చి
"సండే స్కూలు పిల్లలకు నేను చెప్త పెద్దయ్యా" అన్నది.
ఆ పిల్ల కండ్లు చూడలే నేను.
నోరు చూసిన.
ఇటుక రంగు గార, అడ్డంగా గీతలు, పెళుసుబారిన అంచులు.
"పండ్లను బట్టే చెట్టు తెలుస్తది బిడ్డా.
ముందు గుట్కా మాను, తర్వాత చూద్దాం."
కమిటీ అంతా నవ్వింది.
చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని
బయట చెప్పులు తొడుక్కున్నది.
ఎడమది కుడికాలికి తొడిగి, మళ్లా మార్చుకున్నది.
నాకు అదొక్కటే యాదికున్నది.

ఎండకాలం మొదట్ల, నల్లగొండ నుంచి
నీళ్ల ఆఫీసు పిలగాడు బండి మీద వచ్చిండు.
చిన్న గాజు సీసా, నాలుగు చుక్కల మందు.
"గులాబీ రంగు నిలిస్తే తాగొచ్చు,
పసుపు తిరిగితే ముట్టొద్దు."
మా నాయిన పేరు చెక్కించి
చర్చి గోడ పక్కన నేను వేయించిన బోరు,
"దాహం తీర్చే దానం" అని బండ మీద అక్షరాలు,
పసుపు తిరిగింది.
పెండ్లికి దంచిన పసుపంత పచ్చగ.

ఆ బోరుకు పది అడుగుల్లో సలోమి వాళ్ల ఇల్లు.
పాలపండ్లు ఊడక ముందు నుంచి
ఆ పిల్ల తాగింది నా పుణ్యమే.
వాళ్లమ్మ నడుము కొడవలి లెక్క వంగితే
ముసలితనం అనుకున్న.
యాభై రెండేండ్లు ఆమెకు.

ఆ రాత్రి మోకాళ్ల మీద ఉంటే మాటలు దొరకలే.
కంట్లో నలుసు పడితే నీళ్లతో కడుక్కుంటం.
నీళ్లే నలుసైతే?

తెల్లారి నాకొక బుద్ధి పుట్టింది, అది ఇంకా చెడ్డది:
ఇగ దేన్నీ మంచని అనను, చెడని అనను,
నోరు మూసుకుంట.
మా బావమరిది జెకర్య కూడా అదే పాట.
"తీర్పు తీర్చొద్దన్నడు కద ప్రభువు.
బోరును మాత్రం ఎందుకు అనాలె?
దాత పేరు పోతది."
వినసొంపుగనే ఉన్నది.

సలోమి ఎర్రరంగు డబ్బా పట్టుకొచ్చింది.
"బోరు మీద నాకు కోపం లేదు పెద్దయ్యా.
మీ నాయిన మీద లేదు.
బట్టలు ఉతుక్కోవచ్చు, బర్లను కడగొచ్చు.
పోరగాండ్లు తాగొద్దు. అంతే."
నా మీద ఉన్నదో లేదో చెప్పలే.
నేను అడగలే.
డబ్బా పట్టుకున్న. ఆమె కుంచె పట్టింది.

ఒక చుక్క జారి మా నాయిన పేరులో
మొదటి అక్షరం మీద పడ్డది.
తుడవలే.

ఇప్పుడు ఆదివారం పొద్దున పిల్లలకు ఆమే చెప్తది.
వెనక చాప మీద కూసుంట నేను.
పిల్లలు నవ్విస్తే నవ్వుతది, పండ్లన్నీ కనపడేటట్టు.
నా దిక్కు చూపు తిరిగినప్పుడు మాత్రం
ఇంకా
చెయ్యి నోటికాడికి పోతది.