తరుగు

సోహార్ ఓడరేవు వెనక మూడో గోదాం.
నూట పన్నెండు పీపాలు.
తూకం నాది, సంతకం నాది, తాళం నాది.

లోపలున్నది ఆముదంలా జారుతుంది.
బాల్‌పెన్ను సిరాలో కలుపుతారు
బట్టల అద్దకంలో కలుపుతారు
ఇంకో మెట్టు దిగితే
ఊపిరితిత్తుల్లో బొబ్బలు లేపే పొగ.
ఆ మెట్టెక్కడో నాకు చెప్పలేదు, మంచిదే.
ఎన్ని కిలోలకి ఏ కాగితం నింపాలో మాత్రం
మూడు రోజులు కూర్చోబెట్టి చెప్పారు.

ఏడాదికోసారి ఆ లెక్క మస్కట్ పోతుంది,
అక్కణ్నుంచి సముద్రాలు దాటి
హేగ్‌లో ఎవరిదో బల్ల మీదికి.
నా పేరు వాళ్ళకి తెలీదు,
నా అంకెలు తెలుసు.

ఈసారి పద్దెనిమిది కిలోలు కుదరలేదు.

"ఆవిరైందని రాసెయ్" అన్నాడు మేనేజర్ పౌలోస్.
మా మెట్‌పల్లి యార్డులో దాన్ని తరుగంటారు.
నాన్న వడ్ల మీద క్వింటాలుకి మూడు కిలోలు,
తేమ అని తీసేవాళ్ళు, తాలు అని తీసేవాళ్ళు,
ఏమీ అనకుండా కూడా తీసేవాళ్ళు.
ఆ మూడు కిలోలు ఎవరింట అన్నమయ్యాయో
ఎవరూ ఎవర్నీ అడిగింది లేదు.
అడగని చోట పెరిగిన చేయి ఇది,
ఆ ఒక్క మాట రాయడానికి దానికెంతసేపు!

కానీ పిస్తాల పడవ మీద వచ్చే ఇరానీ ముసలాయన,
గులాం అబ్బాస్,
మాటకీ మాటకీ నడుమ ఊపిరి వెతుక్కుంటూ
ఒకసారి చెప్పాడు:
"యుద్ధంలో ఓ పొద్దున గాలి వెల్లుల్లి వాసనేసింది.
వంట మొదలెట్టారనుకున్నాం."

ఆ వంటకి సరుకు
ఎవరి గోదాంలోంచి పోయిందో.
రిజిస్టర్లో ఏమని రాసుకున్నారో.
బహుశా తరుగనే.

రాత్రి పీపాలన్నీ మళ్ళీ తూచాను.
ఫోర్క్‌లిఫ్టు నడిపే బలూచీ దిల్‌మురాద్
ఓవర్‌టైం అడగలేదు,
తిట్లు మాత్రం బలూచీలో, తీరిగ్గా.
అరవై ఏడో పీపాకి వాషరు చీలింది.
కింద పళ్ళెంలో జిగట.
తూస్తే పదకొండున్నర.

మిగతా ఆరున్నర
తెల్లారేదాకా దొరకలేదు.

ఫారంలో ఆ గడి చిన్నది, అంకె పట్టేంతే.
మార్జిన్లోకి పోయి రాశాను:
ఆరున్నర కిలోలు. ఎక్కడున్నాయో తెలియదు.

పౌలోస్ రెండుసార్లు చదివాడు.
ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు.
సంతకానికి జేబులు తడుముకుంటుంటే
నా బాల్‌పెన్నే ఇచ్చాను.