స్క్రూడ్రైవర్ కొసన చెవి

కలామాలో వాన పడదు.
మా ప్రయోగశాల కిటికీ అద్దం మీద
పడేదల్లా రాగి గని దుమ్మే.
సోమవారం తుడిస్తే బుధవారానికి
వేలితో పేరు రాసుకోవచ్చు.
పిల్లలు రాస్తారు కూడా,
నికనోర్, యస్నా, ఎలియాస్ చోకే.
నాకు హాజరు పట్టీ అక్కర్లేదు.

ఇరవై రెండేళ్లు గ్రైండింగ్ మిల్లు
నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.
అక్కణ్ణుంచి పాఠం చెప్పడానికొచ్చినప్పుడు
తెచ్చుకున్న ఆస్తి ఒక్కటే,
పిడి అరిగిన ఈ పొడవాటి స్క్రూడ్రైవర్.
మొనను బేరింగు గూటి మీద ఆనించి
పిడిని చెవి వెనక ఎముకకు అదిమి
కళ్లు మూసుకోమంటాను.
"నాడి పట్టినట్టు పట్టండి.
యంత్రం మొరపెట్టుకుంటుంది, పెడచెవిన పెట్టొద్దు."
ఏటా ఇదే మాట. ఏటా ఇదే నవ్వు.

ఈ మార్చిలో డీన్ ఆఫీసు నుంచి ఫారం వచ్చింది:
రాబోయే పదేళ్లలో మీ విద్యార్థికి కావలసిన నైపుణ్యాలు.
కింద అయిదు గీతలు.
జూన్ అయింది.
గీతలు ఖాళీగానే ఉన్నాయి,
టీ మరక ఒకటి అదనం.

ఒక రోజు రొసెండోను పిలిచాను.
మూడు వందల టన్నుల లారీ నడిపేవాడు.
ఇప్పుడు లారీలు వాటంతటవే నడుస్తాయి.
అతను చల్లటి గదిలో ఆరు తెరల ముందు కూర్చుని
ఎనిమిది లారీలను కనిపెట్టుకుని ఉంటాడు.
"జీతం తగ్గలేదు, నడుం నొప్పి పోయింది," అన్నాడు పిల్లలతో.
కాసేపాగి,
"మునుపు దారి నా వెన్నుకు చెప్పేది,
ఎక్కడ గుల్లబారిందో, ఎక్కడ రాయి లేచిందో.
ఇప్పుడు ఎవరికి చెప్పుకుంటుందో," అన్నాడు.
ఎలియాస్ చెయ్యెత్తాడు:
"అప్పుడు ఎంతమంది నడిపేవారు?"
"ముప్పై ఇద్దరం."
"ఆ గదిలో?"
రొసెండో అయిదు వేళ్లూ చాచి
ఒకటి మడిచాడు.

తర్వాత యస్నా నన్ను నడవాలో ఆపింది.
వాళ్లమ్మ గని క్యాంటీన్లో రొట్టెలు కాలుస్తుంది.
"టీచర్, నేను బయటికొచ్చేసరికి
ఈ పని ఉంటుందా?"
అబద్ధం నోటి దాకా వచ్చింది.
"తెలీదు," అన్నాను.
తెలీదని చెప్పే టీచరుకు
జీతం ఎందుకని ఆ రాత్రి నాకూ అనిపించింది.

గురువారం.
నీళ్ల పంపుకి కొత్త సెన్సర్ పెట్టాం,
అగ్గిపెట్టెంత, అయస్కాంతంతో అంటుకుంటుంది.
తెర మీద ఆకుపచ్చ కాస్తా
పసుపుకు తిరిగింది.
నేను స్క్రూడ్రైవర్ ఆనించాను. కళ్లు మూశాను.
తరగతి ఊపిరి బిగబట్టింది.
"శుభ్రంగా ఉంది. ఆ డబ్బాకి భయం ఎక్కువ."
యస్నా మాత్రం,
"విప్పి చూద్దామా?"

విప్పాం.
గ్రీజు తుడిచి లోపలి వలయాన్ని దీపం కింద తిప్పితే
నువ్వు గింజలో సగం,
గుంట.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.
నా చెవికి యాభై తొమ్మిదేళ్లు.
సన్నటి శ్రుతులన్నీ మిల్లు ఎప్పుడో
ఒక్కొక్కటే కొరుక్కు తినేసింది.
నాకు వినబడేసరికి
యంత్రం మూలుగు దాటి అరుపులో ఉంటుంది.
ఈ సంగతి నాకు తెలుసు.
ఎవరికీ చెప్పలేదు, అంతే.

"నాదే తప్పు," అన్నాను.
సుద్దముక్క పక్కన పెట్టి
యస్నా బల్ల దగ్గరికి స్టూలు లాక్కున్నాను.
"ఈ శిఖరం ఏమిటి?
దీనికి రెండు పక్కలా ఈ చిన్నవి ఎందుకు లేచాయి?"
ఆమె చెప్పింది, తడబడింది,
పుస్తకం తిరగేసి మళ్లీ చెప్పింది.
మూడోసారికి నాకు తలకెక్కింది.

గంట కొట్టాక అందరూ వెళ్లారు.
నేను సంచీ సర్దుకుంటున్నాను.
ఆ పాడైన బేరింగునే మళ్లీ బిగించి
పంపు తిప్పుతోంది యస్నా,
నా స్క్రూడ్రైవర్ చెవికి అదిమి.
"తెర చెప్పిందిగా, ఇంకెందుకు?"
"ఉష్," అంది.
"ఈ గుంట ఎలా పలుకుతుందో వింటున్నా."

వినబడిందో లేదో అడగలేదు.
ఫారం తీసి, మొదటి గీత మీద
విప్పి చూద్దామా, అని రాశాను.
డీన్ ఒప్పుకోడు. కొట్టేశాను.
కొట్టివేత కింద అక్షరాలు
ఇంకా కనబడుతూనే ఉన్నాయి.