ఏమీలేదు

పుంతా అరేనస్‌లో గాలికి వేళాపాళా లేదు.
జనవరిలో మరీ. కూడళ్ళలో తాళ్ళు కడతారు
మనుషులు కొట్టుకుపోకుండా.
ఒక చేత్తో తాడు పట్టుకుంటాను.
రెండో చెయ్యి కుడి చెంప మీద.

పోర్వెనీర్ వెళ్ళే పడవకి టికెట్లు అమ్ముతాను.
అద్దంలో చిన్న కంత,
నోట్లు లోపలికి, చిల్లర బయటికి.
ఆ కంతలోంచే అదీ వస్తుంది.
మెరుపు అందామంటే, మెరుపు పోతుంది కదా.
పోటు అన్నాను మొదట్లో. తర్వాత సలుపు.
ఒక్కోనాడు ఉత్త జిల,
దారి మర్చిపోయిన చీమ ఒకటి
ముక్కు పక్కన తచ్చాడుతున్నట్టు.

దంతవైద్యుడు వుకాసోవిచ్ పైవరసలో ఒక పన్ను పీకాడు.
పదిహేను రోజులాగి దాని పక్కది.
రెండూ దూదిలో చుట్టి నా చేతిలోనే పెట్టాడు.
చెక్కుచెదరని పళ్ళు.
ఇల్లు పడగొట్టారు గానీ
అద్దెకున్నది మాత్రం ఖాళీ చెయ్యలేదు.

చెవి డాక్టరు చెవిలో ఏమీ లేదన్నాడు.
కంటి డాక్టరు కంట్లో ఏమీ లేదన్నాడు.
మీకు ఎవరిమీదైనా కోపం ఉందా అని ఒకాయన అడిగాడు.
అప్పటిదాకా లేదు.
సొరంగంలాంటి యంత్రంలో నలభై నిమిషాలు పడుకోబెట్టి
నా తలకాయని పలచటి ముక్కలుగా వెలుతురుకి పట్టి చూసి
ఏమీ లేదు సెన్యోరా, సంతోషించండి, అన్నారు.
సంతోషించాను,
వీధి మలుపు దాకా.

అప్పట్నుంచి దాని పేరు ఏమీలేదు.
ఇంట్లో అలవాటైపోయింది.
"ఏమీలేదు లేచిందా?" అంటాడు బెలార్మినో పొద్దున్నే
మాతె ఆకులో గోరువెచ్చటి నీళ్ళు పోస్తూ.
లేస్తే తలాడిస్తాను.
మాట్లాడితే దానికి వినబడుతుంది.

ఇక్కడ ఎవరు ఎదురైనా
కుడి చెంపకి కుడి చెంప ఆనించి ముద్దు,
చేపల మార్కెట్లో, చావింట్లో, బ్యాంకు వరసలో.
రెండేళ్ళుగా నేనే ముందు చెయ్యి చాపేస్తున్నాను
సరుకు అమ్మడానికొచ్చిన కంపెనీ మనిషిలా.
మా ఆడపడుచు ఫ్రెసియా పలకడం మానేసింది.
మనవడు తాదెయోకి ఐదేళ్ళు.
పరిగెత్తుకొచ్చి నా మోకాళ్ళ దగ్గర ఠక్కున ఆగి
వేళ్ళు ముద్దుపెట్టుకుంటాడు, ఒక్కొక్కటే,
బొటనవేలు మర్చిపోతే మళ్ళీ వెనక్కొచ్చి.
వాడికి ఎవరూ చెప్పలేదు.

శాంతియాగోకి విమానంలో మూడున్నర గంటలు.
డాక్టర్ ఆల్దునాతేది చిన్న వయసు,
గోళ్ళు కొరికే అలవాటున్నట్టుంది.
ఒక కాగితం ఇచ్చింది: మొహం బొమ్మ.
కళ్ళు లేవు, ముక్కు లేదు, అంచు గీత ఒక్కటే.
"ఎక్కడెక్కడో రంగు వెయ్యండి."

చెంప దగ్గర మొదలుపెట్టాను.
దవడ. పై పెదవి సగం.
ఎర్ర పెన్సిలు ఆగలేదు, గీత దాటింది,
బొమ్మ పక్కనున్న ఖాళీ కాగితంలోకి,
గాలి వచ్చే వైపుకి.
పాడుచేశాను, ఇంకోటివ్వండి, అన్నాను.

ఆమె కాగితం తనవైపు తిప్పుకుని
మొహం బయటున్న ఎరుపుని చాలాసేపు చూసింది.
"ఇది ఎంత దూరం దాకా?"

జానెడు, అన్నాను. గాలి రోజున బారెడు.

రాసుకుంది.
బారెడు అని కూడా రాసుకుంది.
ఆ తర్వాత పెన్ను మూసి
"ఇది ఏమిటో నాకు ఇంకా తెలీదు" అంది.
ఇన్నాళ్ళూ ఒక్కరూ అనలేదు ఆ మాట.
తెలీదు అంటే
ఏదో ఉన్నట్టే కదా.

రాత్రికి అర మాత్ర. ఏప్రిల్లో మళ్ళీ రమ్మంది.

తిరుగు విమానంలో కుడిపక్క సీటు ముసలాయన,
గొర్రెల ఉన్ని వాసన, ఒళ్ళో టోపీ,
నిద్రలో ఒరిగి ఒరిగి
నా భుజం మీద తల ఆనించాడు.
ఆయన ఊపిరి తగులుతోంది.
బొటనవేలూ చిటికెనవేలూ చాపి
నా చెంపకీ ఆయన జుట్టుకీ మధ్య కొలిచాను.
జానెడుకి కొంచెం తక్కువే.

లేపలేదు.